పైడమ్మ వాచీ

జమీందార్లు గుర్రబ్బగ్గీలు మాని మోటార్లెక్కిన కొత్తలో, వాచీలు బాగుచేసే సింహాద్రి అనే ముసలాడుండేవాడు. ఎవరికీ అక్కర్లేని చవక వాచీలు కొని, బాగుచేసి, పదకొండు పోగేశాడు. ఒక్కటీ టైము తప్పదు. అందులో ఒకటి చనిపోయిన అతని భార్య పైడమ్మది. ఆమె పోయేనాటికి చేతి మీద నడుస్తూ ఉన్న ఆ వాచీని ఆగనివ్వకుండా, నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే కీ ఇస్తున్నాడు.

వాచీల పిచ్చున్న జమీందారు కబురంపాడు: "ఎల్లుండి వస్తా. పదకొండూ నా ముందుండాలి. నచ్చింది పట్టుకెళ్తా."

ఆ రెండు రోజులూ సింహాద్రి పైడమ్మ వాచీకి కీ ఇవ్వలేదు.

జమీందారు వస్తూనే దాన్నే తీశాడు. "నా బీరువాలో లేని రకంరా! నడవట్లేదేం?"

"మా యింటిదాని చేతిదండి బాబూ. అది పోయింది. ఇదీ ఆగిపోయింది."

రెండు మాటలూ నిజమే. రెంటినీ ముడేసుకున్నది జమీందారే. నిప్పు ముట్టుకున్నట్టు వాచీని వదిలేశాడు. "ఛీ, శవంతో పాటు ఆగిన వాచీ!" అంటూ మిగతావాటిని చూడకుండానే మోటారెక్కాడు.

సింహాద్రి కీ ఇచ్చి చెవి దగ్గర పెట్టుకున్నాడు. టిక్కుటిక్కుమంది. ముసలాడు వెక్కివెక్కి ఏడ్చాడు. వాచీ దక్కింది. పైడమ్మ చేతి మీద నుంచి ఆగకుండా వస్తున్న చప్పుడు మాత్రం తెగిపోయింది. తెంపింది తనే.