ఎంగిలి చేయలేని తూటా

పర్మిషన్ చేతికొచ్చిన రోజు నుంచి మంజీరకి నిద్ర పట్టడం లేదు.

ఇంట్లో తూటాలు నింపుకునే పర్మిషన్ అది. అడిగిన ప్రతివాళ్ళకీ ఇచ్చేది కాదు. పోటీల్లో పేరు తెచ్చుకోవాలి, ఆఫీసుల చుట్టూ చెప్పులరగాలి, అప్పుడు ఇస్తారు. మూడొందల మీటర్ల రైఫిల్‌కి బయట తూటాలు దొరకడమే గగనం. దొరికినా ఒక డబ్బా కొట్టినట్టు ఇంకో డబ్బా కొట్టదు. అందుకే తూటా పేలాక మిగిలే ఇత్తడి గుల్లని షూటర్లు పారేయరు. ఖోకా అంటారు దాన్ని. ఖోకాని మళ్ళీ సాపు చేసి, కొత్త మందు పోసి, కొత్త గుండు బిగిస్తారు. ఆ పని చేసే యంత్రమే ప్రెస్సు.

ఏ ప్రెస్సు కొనాలి?

ఒక రకం ఉంది. పిడి లాగితే ఒక్క ఖోకాకి ఒక్క పని చేస్తుంది. అన్నిటికీ ఆ పని అయ్యాకే రెండో పనికి అచ్చు మార్చాలి. పూటంతా కూర్చుంటే గుప్పెడు తూటాలు. ఇంకో రకం గుండ్రంగా తిరుగుతుంది. పిడి లాగిన ప్రతిసారీ ఒక ఖోకా సాపవుతుంది, ఇంకోదాంట్లో మందు పడుతుంది, మరోదానికి గుండు బిగుస్తుంది, తయారైన తూటా ఒకటి టక్కున గిన్నెలోకి దూకుతుంది.

మంజీర వీడియోలన్నీ చూసింది. దేశదేశాల వాళ్ళు రాసినవన్నీ చదివింది. నిజం చెప్పాలంటే తిరిగేదే కొనాలని ఎప్పుడో తేల్చేసుకుంది. లోకంలో సగం ప్రశ్నలు జవాబు కోసం పుట్టవు, తలూపే మనిషి కోసం పుడతాయి. మంజీరకి ఊపాల్సిన తల ఒక్కటే, షూటింగ్ నేర్పిన ఖలీల్ ఉస్తాద్‌ది.

ఆ తల ఊగడం లేదు.

ఉస్తాద్ షూటింగ్ రేంజి నర్సాపూర్ అడవి దాటాక, బోడిగుట్ట పక్కన ఉంటుంది. రేంజిని ఆనుకునే ఇల్లు. వరండాలో ఒక మొరటు బల్ల, దానికి బిగించిన పాత ప్రెస్సు. ఆకుపచ్చ రంగు ఎప్పుడో రాలిపోయి, పిడి దగ్గర అరచేతి రాపిడికి ఇనుము అద్దంలా మెరుస్తుంటుంది. అది ఒక్కో పని చేసే రకమే. పక్కనే చిల్లుల చెక్కపలక, దాని నిండా మూతి కిందికి పెట్టి నిలబెట్టిన ఖోకాలు. మంజీర వాటిని ఏళ్ళ తరబడి చూస్తోంది. చూడటానికేం, గోడని కూడా రోజూ చూస్తాం.

"ఉస్తాద్, ప్రెస్సు సంగతి ఏమీ చెప్పలేదు," అంది ఆ ఆదివారం పొద్దున్నే.

"చెప్తా గని, ముందు చాయ్ పెట్టు బిడ్డా," అన్నాడాయన.

పోయిన ఆదివారమూ ఇదే మాట. మంజీరకి ఒళ్ళు మండింది. చాయ్ పెట్టడానికి కాదు, సెలక్షన్ ట్రయల్స్ ముంచుకొస్తున్నాయి. కాల్చేది తను కాదు, చెల్లెలు హరిత. ఒకప్పుడు చెల్లెలికి రైఫిల్ పట్టుకోవడం నేర్పింది మంజీరే. నేర్చుకున్న రెండేళ్ళకే ఆ పిల్ల అక్కని దాటేసింది. మంజీర ఏడవలేదు, అలగలేదు. ఒకనాడు రైఫిల్ తుడిచి చెల్లెలి చేతికిచ్చి, "గురి నీది, తూటా నాది," అంది. ఆ మాట నిలబెట్టుకోవాలనే ఇంత ఆరాటం. ఇప్పుడు కూడా హరిత బయట లైను మీదే ఉంది. ఇంకో కోచ్ దగ్గరుండి కాల్పిస్తున్నాడు. ఉండుండి ఠాప్‌మని చప్పుడు గుట్టకి తగిలి తిరిగొస్తోంది.

వంటింట్లో జుబేదా బీ పీట మీద కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. ఉస్తాద్ భార్య. మోకాళ్ళు పట్టేసి పొయ్యి దగ్గర ఎక్కువసేపు నిలబడలేదు గానీ, నోటికి ఏ పట్టూ లేదు.

"వచ్చినవా? మీ ఉస్తాద్‌కు శిష్యులు దొరికింది నా అదృష్టం. చాయ్ పెట్టేటందుకు ఓ మనిషి దొరికె," అంది.

"ఆయన నా మాట వినడం లేదు అమ్మీ."

"నలబై ఏండ్ల సంది నా మాటే ఇంటలేడు, నిన్న మొన్న వచ్చినదానివి, నీ తొందరేంది?" మూలనున్న మందుబిళ్ళల డబ్బా చూపించింది. "గా డబ్బా ఇటియ్యి. మందు ఏసుకోవాలె. ఈ ఇంట్ల మందు అంటె ఏ మందో చెప్పాలె మళ్ళ. ఆయనకు బారూదు, నాకు గోలీలు."

పోయినేడు జుబేదా బీ షుగర్ ఎక్కువై పెరట్లో పడిపోయింది. ఆస్పత్రి నుంచి తిరిగొచ్చిన మనిషి సగమైంది. అప్పటి నుంచి ఆమె చాయ్‌లో చక్కెర లేదు.

మంజీర టీ పొడి వేసి, పాలు పోసి, గ్లాసులు అందుకుంది. అన్నీ ఒకేరకం గాజు గ్లాసులు, పలకమీద బోర్లించి ఉన్నాయి.

"ఒక్కోటి ఎత్తు," అంది జుబేదా బీ అలవాటుగా. "ఒకటి ఎత్తు, చక్కెర వెయ్యి, చాయ్ పొయ్యి. అయినంక ఇంకోటి ఎత్తు. అన్నీ ఒక్కపారి ఎల్లెల్కల పెట్టకు."

"అలాగే అమ్మీ," అని, ఆమె చింతపండు వైపు తిరగగానే మంజీర నాలుగు గ్లాసులూ ఒక్కసారే వెల్లకిలా పెట్టేసింది. ముసలాళ్ళ చాదస్తాలకి ఒక అంతు ఉండాలి కదా.

అప్పుడొచ్చాడు ఉస్తాద్ గుమ్మం దగ్గరికి. తలుపుకి ఆనుకుని నిలబడ్డాడు.

"సరె, చెప్పు. ఏంది ఆ మిషను?"

మంజీర మొహం వెలిగిపోయింది. చెంచా చక్కెర డబ్బాలోకి దించి మొదలుపెట్టింది. కిటికీ వైపున్న గ్లాసు అమ్మీది, అది ఖాళీగా ఉండాలి అనుకుంది. రెండో గ్లాసులో వేసింది.

"గుండ్రంగా తిరుగుతుంది ఉస్తాద్. ఒక్కసారి లాగితే నాలుగైదు పనులు..."

"అన్నీ ఒక్కపారే?"

"ఒక్కసారే! గంటలో రెండొందలు నింపొచ్చంట."

"అబ్బో. మందు ఎవలు పోస్తరు మరి?"

"అదే పోసుకుంటుంది. పైన గొట్టం ఉంటుంది. మనం పిడి లాగడమే." చెంచా ఆడుతూనే ఉంది.

"పడ్డదో లేదో ఎట్ల తెలుస్తది?"

"దానికీ ఒక అమరిక ఉంది ఉస్తాద్, విడిగా కొనుక్కోవాలి. అయినా కళ్ళతో చూస్తూనే ఉంటాం కదా? నాకేం, నేను చూస్తూనే చేస్తాను. మీకు తెలుసు కదా నా సంగతి."

"తెలుసు, తెలుసు. నువ్వు మస్తు హుషారు."

ఆ మాట మంజీరకి చక్కెరకంటే తియ్యగా తగిలింది. చాయ్ వడకట్టి గ్లాసుల్లో పోసింది. చెంచాతో గలగలా తిప్పింది. నాలుగూ ఒకే రంగు, ఒకే నురగ. బయటున్న హరిత గ్లాసుకి మూత పెట్టి, అన్నీ పళ్ళెంలో వరండాలోకి తెచ్చింది. జుబేదా బీ గోడ పట్టుకుంటూ వచ్చి మంచం మీద కూర్చుంది.

మంజీర కిటికీ వైపు గ్లాసు తీసి ఆమెకివ్వబోయింది. మధ్యలో ఉస్తాద్ చెయ్యి చాచాడు.

ఇది ఆ ఇంట్లో రోజూ ఉన్నదే. జుబేదా బీ చాయ్ ముందు ఆయన చేతికెళ్ళాలి. ఒక గుటక ఆయన తాగాలి. ఆ తర్వాతే ఆమెకి. రేంజికొచ్చే పిల్లలు మోచేతులతో పొడుచుకుని నవ్వుకుంటారు. ముసలాయన ప్రేమ చూడరా, ఎంగిలి చెయ్యకుండా పెళ్ళానికి చాయ్ ఇవ్వడు అని. జుబేదా బీ కూడా పైట చెంగు నోటికడ్డం పెట్టుకుని, "సిగ్గు లేదు ఈ మనిషికి," అంటుంది. మంజీరకి ఆ సన్నివేశం చాలా ఇష్టం. ఇవాళ కూడా నవ్వుమొహంతో చూస్తూ నిలబడింది.

ఉస్తాద్ గుటక వేశాడు.

గ్లాసు భార్యకివ్వలేదు. పక్కన పెట్టాడు. పళ్ళెంలోంచి ఇంకో గ్లాసు తీసి రుచి చూశాడు. అదీ పెట్టేశాడు. మూత వేసి ఉంచిన హరిత గ్లాసు తీశాడు. మూత తీసి ఒక గుటక తాగాడు. మొహంలో ఏమీ కదల్లేదు. ఆ గ్లాసు జుబేదా బీ చేతిలో పెట్టాడు.

"క్యా జీ," అంది ఆమె. "ఇయ్యాల అందరిది ఎంగిలి జేసుడేంది? నేనొక్కదాన్ని సాలనా?"

"చాయ్ మంచిగుంది బేగం," అన్నాడు ఉస్తాద్. మొదట పక్కన పెట్టిన గ్లాసు మంజీర చేతికిచ్చాడు. "తాగు బిడ్డా."

మంజీర తాగింది.

అది చాయ్ కాదు, పాకం. ఒక చెంచా కాదు, రెండు కాదు, ఎన్నిసార్లు వేసిందో. అడుగున ఇంకా కరగని చక్కెర కదులుతోంది.

ఇది కిటికీ వైపు గ్లాసు. అమ్మీ గ్లాసు.

చక్కెర పడనిది హరిత గ్లాసు. మంజీర వెనక్కి వెతుక్కుంది. రెండో దాంట్లో వేసిన సంగతి గుర్తుంది. ఆ తర్వాత గుండ్రంగా తిరిగే మిషను గుర్తుంది, గంటకి రెండొందలు గుర్తుంది, నువ్వు మస్తు హుషారు అన్న మాట గుర్తుంది. చెంచా ఎక్కడెక్కడికి వెళ్ళిందో గుర్తు లేదు. తన చేతులే. తన కళ్ళముందే. చూస్తూనే చేసింది.

"ఉస్తాద్..."

ఆయన చెయ్యెత్తి ఆపాడు. జుబేదా బీ వైపు చూపు తిప్పి, వద్దన్నట్టు తలాడించాడు. ఆమె గుట్టవైపు చూస్తూ తన చాయ్ తాగుతోంది. మంజీర మంచి పేరు ఆ మంచం మీద చెడిపోవడం ఆయనకి ఇష్టం లేదు.

బల్ల దగ్గరికి నడిచాడు. మంజీర వెనకే వెళ్ళింది. ఉస్తాద్ చెక్కపలక మీంచి, వంటింటి గ్లాసుల్లాగే బోర్లా ఉన్న ఖోకా ఒకటి తీసి, మూతి పైకి తిప్పి, ఆమె అరచేతిలో నిలబెట్టాడు.

"నీ మిషను నింపిన మొదటి తూటా ఎవలు కాలుస్తరు?"

"హరిత."

"రైఫిల్ ఎక్కడ ఆనిస్తది?"

మంజీర జవాబు చెప్పడానికి చెయ్యెత్తింది. అది దానంతటదే చెంప దగ్గరికి పోయింది. మందు రెండుసార్లు పడిన తూటాకి రైఫిలే పగిలేది అక్కడే.

"చాయ్‌ని ఎంగిలి చేసి చూసిన," అన్నాడు ఉస్తాద్ మెల్లగా. "తూటాను ఎట్ల ఎంగిలి చేస్తవ్ బిడ్డా?"

అంతే. బల్లని ఆనుకుని, మిగిలిన తన చాయ్ తాగడం మొదలుపెట్టాడు.

మంజీర పళ్ళెం తీసుకుని వంటింట్లోకి వచ్చేసింది. కళ్ళు మసకేస్తుంటే గ్లాసులు కడిగింది. జుబేదా బీ ఖాళీ గ్లాసు పట్టుకుని వెనకే వచ్చి, పీట మీద కూలబడింది.

"ఏడుస్తున్నవా?"

"లేదు అమ్మీ. పొగ."

"గ్యాస్ పొయ్యికి పొగెక్కడిది?" జుబేదా బీ చింతపండు చేట మళ్ళీ ముందుకి లాక్కుంది. కాసేపు గింజలు తీసింది. "నాకు తెల్వదనుకుంటున్నడు ఆ ముసలోడు. నేను ఆస్పత్రిల నుంచి వచ్చినప్పటి సందే మొదలైంది ఈ ఎంగిలి. అంతకుముందు నలబై ఏండ్లల్ల ఒక్కనాడన్న నా గ్లాసు ముట్టిండా?"

మంజీర తిరిగి చూసింది.

"మరి మీరెందుకు... పిల్లలందరూ ప్రేమ అనుకుంటున్నారు కదా అమ్మీ. మీరు కూడా సిగ్గుపడతారు కదా."

"పడ్త. ఎందుకు పడొద్దు?" జుబేదా బీ ఆమెని ఎగాదిగా చూసింది. "అది వేరె, ఇది వేరెనా?"

మంజీర కడిగిన గ్లాసులన్నీ ఒక్కొక్కటే పలకమీద బోర్లించింది. చాయ్ మళ్ళీ పెట్టింది. హరిత చాయ్ అమ్మీ తాగేసింది, ఎవరూ ముట్టని నాలుగో గ్లాసుని నమ్మలేక ఇందాకే పారబోసింది.

పాలు పొంగాక, పక్కకి తిరక్కుండా, ఎవరితో మాట్లాడకుండా, ఒక గ్లాసు ఎత్తింది. చక్కెర వేసింది. చాయ్ పోసింది. దాన్ని పక్కన పెట్టి మూత వేసింది. అప్పుడు రెండోది ఎత్తింది.

ఉస్తాద్ గుమ్మంలోకి వచ్చాడు. ఇందాకటిలాగే తలుపుకి ఆనుకున్నాడు.

"అవును బిడ్డా," అన్నాడు. "ఆ మిషను గంటకు ఎన్ని నింపుతదంటివి?"

మంజీర తలెత్తలేదు. చెంచా గ్లాసులోకి దించి, బయటికి తీసి, డబ్బాలో పెట్టి, మూత బిగించింది. చాయ్ పోసింది. గ్లాసు పక్కన పెట్టింది. అప్పటిదాకా ఆయన్ని నిలబెట్టే ఉంచింది.

ఉస్తాద్ కళ్ళు నవ్వాయి. ఇంకేం అడగలేదు.

బయట లైను మీద రైఫిల్ పేలింది. చప్పుడు గుట్టకి తగిలి, ఇంటి మీదుగా వెళ్ళిపోయింది. ఈ రేంజిలో మంజీర అలాంటి చప్పుళ్ళు వేలకొద్దీ విని ఉంటుంది. ఏనాడూ చెవి పెట్టింది లేదు.

ఇప్పుడు గ్లాసు పట్టుకుని కిటికీ దగ్గరే నిలబడిపోయింది. హరిత మళ్ళీ కాల్చేదాకా కదల్లేదు.