తూములు లేని రోడ్డు

జాలరిపేట వాళ్లు రోడ్డు హద్దురాళ్లు పీకి పారేశారని సుదర్శనం మండిపడుతూ ఆశ్రమానికి వచ్చాడు. అతను ఇంజనీరు, నిరంజనస్వామికి శిష్యుడు. తుపానుకు దెబ్బతిన్న ఊళ్లకు విదేశాల దాతలు పంపిన సాయంతో పనులు చేయించే బాధ్యత అతనిది. ఆ రోజుల్లో ఆశ్రమంలో వంట చేసే మా పెద్దమ్మ కళ్లారా చూసి చెప్పిన సంగతి ఇది.

“మేలు చేయబోతే ఇదీ వాళ్ల వరస, స్వామీ,” అన్నాడు.

పేట తరఫున మొర చెప్పుకోవడానికి వచ్చిన నూకమ్మ అప్పటికే పంచలో మూట పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది.

“రోడ్డొద్దని ఎవరన్నారు బాబూ? ముందు మాకు చూపించిన కాయితంలో రోడ్డు కిందనుంచి నీళ్లు పోయే తూములు మూడున్నాయి. ఇప్పుడు ఒక్కటీ లేదు. వానొస్తే పైనుంచొచ్చే నీళ్లు మా ఇళ్లలోనే కదా ఉండిపోతాయి.”

స్వామి శిష్యుడి వైపు తిరిగాడు. “తూములేమయ్యాయి?”

“వాటి ఖర్చుతో రోడ్డు ఆశ్రమం గుమ్మం దాకా వస్తుంది, స్వామీ. మీ దర్శనానికి వచ్చేవాళ్లకు బురద బాధ ఉండదు.” చెబుతూనే, శంకుస్థాపన నాడు కప్పాలని తెచ్చిన పట్టుశాలువా ఆయన ఒళ్లో పెట్టాడు.

స్వామి ముఖం కందిపోయింది. గొంతు మాత్రం పెంచలేదు.

“ఎండన పడి వచ్చావు. ముందు స్నానం చెయ్యి.”

పంచను ఆనుకునే స్నానాల గచ్చు. సుదర్శనం నీళ్లు పోసుకుంటుంటే స్వామి అవతలికి వెళ్లి, నీళ్లు పోయే కన్నంలో ఆ శాలువాను కాలితో కుక్కాడు.

నీళ్లు గచ్చంతా నిండి, గట్టు దాటి పంచలోకి పారాయి. పాదానికి తడి తగిలినా నూకమ్మ కిందికైనా చూడలేదు. మూట నెత్తికెత్తుకుని అరుగెక్కి నిలబడింది. అదేదో రోజూ చేసే పనిలాగే ఉంది.

సుదర్శనం పరుగున వెళ్లి శాలువా లాగేశాడు.

“ఇదేం పని స్వామీ? నీళ్లెటు పోతాయనుకున్నారు?”

“నీ చేతికి అందింది, లాగేశావు.” స్వామి నూకమ్మ వైపు చెయ్యి చూపించాడు. “ఆవిడ దేన్ని లాగాలి?”

నూకమ్మ మూట దించకుండానే అంది: “మా కాడ గునపాలున్నాయి సామీ. వరదొచ్చిన రోజు ఆ రోడ్డు మేమే తవ్వుకుంటాం. ఈ బాబు మమ్మల్ని జైల్లో పెట్టించకపోతే చాలు.”



“నాకూ ఒక గునపం ఉంచమ్మా,” అన్నాడు స్వామి. “మా గుమ్మం దగ్గర్నుంచే మొదలుపెడదాం.”