తువ్వాలు వేసిన రాయి

ఒకప్పుడు సిక్లిడ్ చేపకి కోపమంటే ఏమిటో తెలియదు. చేపల మాటలు మనుషులకీ, మనుషుల మాటలు చేపలకీ అర్థమయ్యే రోజులవి.

ఈ సిక్లిడ్‌ల సొంతూరు ఆఫ్రికాలో ఒక మహా సరస్సు. ఎంత పెద్దదనుకున్నారు? ఇవతలి ఒడ్డున ఎవరైనా తుమ్మితే, అవతలి ఒడ్డువాళ్ళు మర్నాడు పొద్దున్న "చిరంజీవ!" అనేవారు. దాని అడుగున రాళ్ళ గుట్టలు. ఆ రాళ్ళ సందుల్లో చేపల కాపురాలు.

అక్కడ నీలయ్య అనే చేప ఉండేవాడు. ఒళ్ళంతా నీలం. ఎంత నీలమంటే, ఆకాశం రోజూ వంగి వాణ్ణి చూసి తన రంగు సరిచేసుకునేది. వాడి ఇల్లాలు బంగారి. ఒళ్ళంతా పసుపు, పెళ్ళినాటి నలుగు ఇంకా కడుక్కోనట్టు.

నీలయ్య మర్యాద చెప్పతరం కాదు. దారిన పోయే పీతని కూడా, "రండి బాబాయిగారూ, కాసేపు కూర్చుని వెళుదురుగాని" అని సందులోకి లాక్కొచ్చేవాడు. అలా పిలిచి పిలిచి, ఇల్లంతా చుట్టాలతో నిండిపోయి, ఒక వానాకాలమంతా తనే గుమ్మం బయట పడుకున్నాడు.

"ఇదెక్కడి మర్యాదయ్యా! ఊరందరికీ చోటుంది. నాకంటూ ఒక మూల ఉంచవద్దూ?" అనేది బంగారి.

"ఉంచుతాలే" అనేవాడు. ఒక్కనాడూ ఉంచలేదు.

ఆ ఏడు బంగారి గుడ్లు పెట్టింది. ఆ జాతి తల్లులు గుడ్లని నోట్లోనే దాచి పొదుగుతారు. పిల్లలు ఈత నేర్చేదాకా తల్లికి తిండి లేదు, మాట లేదు. నోరు తెరిస్తే పిల్లలు జారిపోవూ!

సరిగ్గా అప్పుడే వల పడింది. అది మామూలు వలా? సగం సరస్సుని ఎత్తి పట్టేసింది! సందులో లోపలికి ఉన్న బంగారి తప్పించుకుంది. గుమ్మంలో ఉన్న నీలయ్య, వచ్చింది వల అని తెలియక, "రండి, లోపలికి రండి" అన్నాడు పాపం. వలలో చిక్కుకుపోయాడు.

వల పైకి పోతుంటే అరిచాడు. "బంగారీ! వస్తావుగా? నేనెక్కడుంటే అక్కడికి వస్తావుగా?"

బంగారి సందులోంచి బయటికొచ్చింది. నోటినిండా పిల్లలు. ఏమని జవాబు చెబుతుంది? నోరు మూసుకుని అలా చూస్తూ నిలబడిపోయింది.

ఆ మూసిన నోట్లో 'వస్తాను' అనే మాట ఉందో, 'రాలేను' అనే మాట ఉందో! నీలయ్య మాత్రం 'వస్తాను' అనే అనుకున్నాడు.

నీళ్ళు పోసిన ప్లాస్టిక్ సంచిలో సముద్రాలు దాటాడు. విమానం దిగాడు. చివరికి తణుకు బస్టాండులో ఎర్రబస్సు ఎక్కాడు. ఆ కాలంలో ఎర్రబస్సు ఎక్కడిదని అడక్కండి. ఎర్రబస్సు లేని కాలమంటూ ఉందా?

సంచి త్రిమూర్తులు అనే ఆయన ఒళ్ళో ఉంది. త్రిమూర్తులుకి చేపలంటే ప్రాణం. ఇంట్లో పెద్ద గాజుతొట్టె కట్టించి, దాన్లో పెంచడానికి నీలయ్యని కొనుక్కుపోతున్నాడు.

ఇంతలో కిటికీలోంచి ఒక తువ్వాలు వచ్చి ఎదుటి సీటు మీద పడింది. దాని వెనకే ఒక ముసలాయన బస్సెక్కి, తువ్వాలు పక్కన కూర్చున్నాడు.

"తాతా, తువ్వాలు తియ్యి" అన్నాడొకడు.

"మనిషొస్తోంది."

"ఏదీ మనిషి?"

"వస్తోంది!"

"బస్సు కదులుతుంటే ఇంకెప్పుడొస్తుందయ్యా? తువ్వాలుకి టిక్కెట్టు కొట్టమంటావా?" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది.

ముసలాయన లేచాడు. చూస్తే పిట్టంత మనిషి. కానీ ఏం గర్జన! బస్సు అద్దాలు గలగలలాడాయి. పక్క ఊరి బస్సు కూడా భయపడి ఆగింది. "వస్తోందంటే వస్తోంది! ఇక్కడ ఎవడు కూర్చుంటాడో చూస్తాను!"

అంతలో జామకాయల సంచితో రొప్పుకుంటూ ఒక ముసలావిడ ఎక్కింది. ముసలాయన తువ్వాలు తీసి, దాంతోనే సీటు దులిపాడు.

"చోటు ఉంచావా?" అంది ఆవిడ.

"ఉంచకపోతే?" అన్నాడు ఆయన.

సంచిలోంచి నీలయ్య అంతా చూశాడు. ఓహో, ఇదన్నమాట పద్ధతి! చోటు మీద ఏదో ఒకటి వెయ్యాలి. అడిగిన ప్రతివాడితో పోట్లాడాలి. గట్టిగా పోట్లాడితే, రావలసినవాళ్ళు వచ్చేస్తారు.

త్రిమూర్తులు ఇంట్లో తొట్టెనిండా ఆ సరస్సు చేపలే. రాళ్ళున్నాయి, ఇసకుంది. నీలయ్య ఇద్దరు పట్టే సందున్న రాయి చూసుకున్నాడు. తువ్వాలు లేదు కదా! నోటితో ఇసక తెచ్చి తెచ్చి గుమ్మంలో కుప్ప పోశాడు. అదే వాడి తువ్వాలు.

"అన్నయ్యా, కాస్త జరుగుతావా?" అంది ఒక తెల్లచారల చేప.

"మనిషొస్తోంది."

"మనిషా? నీళ్ళల్లోకా?" తొట్టెంతా పకపకా నవ్వింది.

నీలయ్య నవ్వలేదు. ఒక్క ఉరుకు ఉరికాడు! ఆ ఊపుకి లేచిన అల పైకప్పుకి తగిలి, ఫ్యాను తడిసి, ఇల్లంతా వాన కురిసింది.

"ఇవేం చేపలండీ? కొళాయి దగ్గర బిందెల తగువులా ఉంది!" అంది త్రిమూర్తులు భార్య సుభాషిణి, చీర పిండుకుంటూ.

"ఉండవే, రాళ్ళు అటూ ఇటూ మారిస్తే తగువు ఆగుతుందేమో చూస్తాను" అన్నాడు త్రిమూర్తులు.

మార్చాడు. ఆ పూట నీలయ్య ఎవరినీ ఏమీ అనలేదు. తన రాయి ఏదో వెతుక్కుంటూ తిరిగాడు. అది మరో మూల కనిపించగానే, మళ్ళీ ఇసక మొయ్యడం మొదలుపెట్టాడు.

ఒకరోజు త్రిమూర్తులు కొత్త చేపని తెచ్చి వదిలాడు. ఒళ్ళంతా పసుపు!

నీలయ్య గబగబా ఇసక కుప్ప తోసేశాడు. తోకతో రాయి దులిపాడు.

"వచ్చావా! చూడు, ఈసారి చోటు ఉంచాను!"

ఆ చేప దగ్గరికొచ్చింది. "నేను మీరనుకున్న ఆవిణ్ణి కాను అన్నయ్యగారూ. మీ సరస్సుదాన్నే గానీ, ఆవిణ్ణి కాను."

"పోనీ, బంగారి కనిపించిందా?"

"అంత పెద్ద సరస్సు... ఎవరని చెప్పను?"

కొత్త చేప అలిసిపోయి ఉంది. మెల్లగా అడిగింది. "ఆవిడ వచ్చేదాకా నేనుండనా ఇక్కడ? వస్తే లేస్తాను."

పాత నీలయ్య అయితే, "అదేం మాట, కూర్చోమ్మా" అనేవాడు. ఆ మాట ఇప్పుడూ గొంతుదాకా వచ్చింది. కానీ, 'ఉంచుతాలే' అని తను ఎన్నిసార్లు అన్నాడో గుర్తొచ్చింది. బంగారిలాగే నోరు మూసుకున్నాడు. పోయి, ఆ నోటితోనే ఇసక తెచ్చి, మళ్ళీ గుమ్మంలో పోశాడు.

"లేదమ్మా. మనిషొస్తోంది."

ఈసారి తొట్టెలో ఎవరూ నవ్వలేదు. తెల్లచారల చేపకి సరస్సులో ఉండిపోయిన తమ్ముడు గుర్తొచ్చాడు. మరొకదానికి అమ్మ. ఒక్కొక్కరికీ ఒక్కొక్కరు. అన్నీ చప్పుడు చెయ్యకుండా తలో రాయి దగ్గరికి పోయి, నోటితో ఇసక తోడడం మొదలుపెట్టాయి.

అప్పటినుంచే సిక్లిడ్ చేపలు గాజుతొట్టెలో రాయి కోసం అంతలేసి తగువులాడతాయి. అప్పటినుంచే, రాళ్ళు మారిస్తే ఒక పూట వెతుక్కుంటూ ఊరుకుంటాయి. అప్పటినుంచే, ఎవరు తొట్టె దగ్గరికి వచ్చినా, పోట్లాట మధ్యలో ఆపేసి మరీ అద్దం దగ్గరికి పరుగెత్తుకొస్తాయి. మేత కోసమే అనుకుంటాం మనం. మేత సంగతి తర్వాత. ముందు, వచ్చిందెవరో చూస్తాయి.