చాంబర్ మీద అరచెయ్యి

"అయ్యా, ఈమధ్య ఎవరి కష్టం విన్నా నాకు ఏమీ అనిపించడం లేదు. దీన్ని శాంతి అనుకోవచ్చా?" అని అడిగాడు ఓబులేసు.

అడిగాడన్న మాటే గాని, జవాబు ముందే నిర్ణయించుకుని దానికి ముద్ర వేయించుకోవడానికి వచ్చినట్టుంది వాలకం. ఓబులేసు ఆశ్రమం పెద్ద కంబగిరయ్యగారికి పదకొండేళ్లుగా శిష్యుడు. ఆశ్రమానికి గోడు చెప్పుకోవడానికి వచ్చేవాళ్లను వసారాలో కూర్చోబెట్టి మొదట వినేది అతనే. బిడ్డలు పోయినవాళ్లు, పొలాలు పోయినవాళ్లు, ఇంట్లోంచి గెంటించుకున్నవాళ్లు రోజుకు ఇరవైమందికి తక్కువ రారు. తొలి ఏళ్లలో వాళ్లతోపాటు తానూ ఏడ్చి అన్నం మానేసేవాడట. ఇప్పుడు ఆ బెడద లేదు. నేను భక్తుణ్ణి కాను, ఆ దారిన పోతూ మజ్జిగ కోసం ఆగేవాణ్ణి. ఆ రోజూ అందుకే ఆగాను.

కంబగిరయ్యగారికి వాదనలు చేతకావు. ఏది అడిగినా జరిగిన సంగతేదో ఒకటి చెప్పి ఊరుకుంటారు. ఈసారి చెప్పిన సంగతి మాత్రం అంతకుముందు ఎవరికీ చెప్పలేదట.

ఆయన ఈ దారికి రాకముందు గిద్దలూరులో మెకానిక్కు. నంద్యాల వైపు అడవి కొండల మీది ఘాటు రోడ్డు ఎక్కే బండ్లు ఆయన షెడ్డు ముందు ఒకసారి ఆగి గాని పోయేవి కావు. ఇంజను కింద ఆయిలు నిలిచే గిన్నెను చాంబర్ అంటారు. బండి తిరిగి వచ్చి ఆగగానే దాని మీద అరచెయ్యి ఆనించి లెక్కపెట్టాలని ఆయనకు పని నేర్పిన మేస్త్రీ చెప్పాడు. ఆయిలు వేడి మామూలుగా ఉంటే మూడు అంకెల దాకా ఓర్చుకోవచ్చు, నాలుగోది ఎవరి తరమూ కాదు. ఒకటి అనకముందే చెయ్యి లాక్కుంటే లోపల ఏదో మాడుతున్నట్టు. ఆ మూడు అంకెలతోనే కంబగిరయ్యగారు పాతికేళ్లు పేరు తెచ్చుకున్నారు.

అదే ఊళ్లో దస్తగిరి అని బాడుగ కారు నడిపేవాడు ఉండేవాడు. అతని భార్య మాబున్నికి మూత్రపిండాలు రెండూ పనిచేయవు. మంగళవారం, శుక్రవారం ఘాటు దాటించి నంద్యాల తీసుకుపోయి డయాలసిస్ చేయించాలి. ఎక్కుడు దారిలో ఇంజను మీద భారం ఎక్కువని దస్తగిరి ఆయిలు వేడి చూపే మీటరొకటి అదనంగా పెట్టించుకున్నాడు. ఎప్పుడూ వంద దగ్గర ఉండే ముల్లు ఒక శుక్రవారం సగం దారిలో నూట నలభై దాటింది. భయపడి బండి వెనక్కి తిప్పాడు. ఆ రోజు డయాలసిస్ తప్పిపోయింది. మళ్లీ మంగళవారం దాకా ఖాళీ లేదని ఆసుపత్రివాళ్లు చెప్పారు. సోమవారానికి మాబున్ని కాళ్లు ఉబ్బిపోయాయి, పడుకుంటే ఊపిరి ఆడక రాత్రంతా గోడకు ఆనుకునే కూర్చుంది. మంగళవారం కూడా తప్పితే మనిషి దక్కదని ఇద్దరికీ తెలుసు.

కంబగిరయ్యగారు చూడవలసినవన్నీ చూశారు. ఆయిలు మట్టం సరిగ్గానే ఉంది. రేడియేటర్లో నీళ్లున్నాయి, ఫ్యాను తిరుగుతోంది. మీటరు వైరు కూడా కొత్తది వేశారు. ఇక మిగిలింది ఒకటే ప్రశ్న. ఆయిలు నిజంగా కాగుతోందా, మీటరు తప్పు చెబుతోందా? మంగళవారం పొద్దున దస్తగిరి మాబున్నిని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, ఊరి బయట మిట్ట ఎక్కించి దించి, బండిని షెడ్డు ముందు ఆపాడు.

"అన్నా, మళ్లీ నూట నలభై చూపిస్తా ఉంది. బస్టాండు దగ్గర అంగట్లో ఇంకో మీటరు ఉందంట. అది కూడా పెట్టి చూద్దామా?"

పెట్టి చూస్తే అరగంటలో తేలిపోయేది. కాని ఆ మాట కంబగిరయ్యగారికి తగలరాని చోట తగిలింది. తన చేతికి పైన ఇంకో సాక్ష్యమా? బండి కిందికి దూరి, చాంబర్ మీద ఎడమ అరచెయ్యి ఆనించి, అందరికీ వినపడేలా లెక్కపెట్టారు. మూడు దాటింది. అయిదు దాటింది. ఏడు దగ్గర నింపాదిగా చెయ్యి తీసి బయటికి వచ్చారు.

"ఏడు అంకెలు! విన్నావా దస్తగిరీ? నీ ఆయిలు చల్లగా ఉంది. ఆ మీటరు ఒట్టి అబద్ధాలకోరు. దాని మొహం చూడకుండా పోయిరా."

"అన్న చెప్పినాక ఇంకేంది, పోదాం పా" అంది మాబున్ని. నాలుగు రోజుల తర్వాత ఆమె మొహంలో కాస్త నవ్వు కనిపించిందట.

ఇక్కడే నాకు ఒళ్లు మండింది. ఎంత పెద్ద మనిషి అయితేనేం, నాలుగే రాకూడని చోట ఏడు వస్తే అనుమానం రావద్దా? ఆయనకు గర్వం వచ్చింది. ఈ మాట నేను పైకి అనలేదు. అనవలసిన అవసరం లేకుండా ఆయనే అన్నారు.

మధ్యాహ్నం అన్నానికి కూర్చున్నారు. ఎడమ చేత్తో నీళ్ల చెంబు అందుకుంటుంటే ఆయన భార్య చూసింది.

"ఏందయ్యా, అరచెయ్యంతా అంత బొబ్బ? కాలింది తెలియలేదా?"

చెయ్యి తిప్పి చూసుకున్నారు. చర్మం తెల్లగా ఉబ్బి నీరు పట్టి ఉంది. గుచ్చి చూసినా నొప్పి లేదు. పాతికేళ్లుగా కాలే ఇనుమును తాకి తాకి ఆ చేతికి వేడి తెలియడం ఏనాడో పోయింది. ఏనాడు పోయిందో కూడా ఆయనకు తెలియదు. దస్తగిరి బయలుదేరి అప్పటికి రెండు గంటలు దాటింది. ఫోను చేస్తే అడవిలో పలకలేదు. విస్తరి ముందు నుంచి లేచి, స్కూటరు మీద ఘాటు దారి పట్టారు.

మలుపులో కారు అడ్డంగా నిలిచి ఉంది. మాడిన ఆయిలు వాసన అల్లంత దూరానికే కొట్టింది. ఇంజను బిగుసుకుపోయింది. మొదటి రెండు బస్సులు కిక్కిరిసి ఉండి ఆగలేదు. మూడోదాన్ని దస్తగిరి రోడ్డుకు అడ్డం పడి ఆపేసరికి మాబున్నికి బస్సుతో పని లేకపోయింది. ఆమె తల ఒళ్లో పెట్టుకుని గట్టు మీద కూర్చుని ఉన్నాడు. కంబగిరయ్యగారిని చూసి తిట్టలేదు, కొట్టలేదు.

"మీటరు చెప్తానే ఉండింది అన్నా" అన్నాడు. "నువ్వు అబద్ధం అన్నావని దాని మీద నేనే టవలు కప్పినా."

ఇంతవరకు చెప్పి కంబగిరయ్యగారు ఆగిపోయారు. సిగ్గుపడకుండా చెబుతున్నాను, కళ్లు తుడుచుకున్నాను. ఓబులేసు మాత్రం నెమ్మదిగా, చక్కటి స్వరంతో, "మీరు తెలిసి చేసింది కాదు కదా అయ్యా, మనసులో పెట్టుకోకండి" అన్నాడు.

కంబగిరయ్యగారు అతని మొహంలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు, భయం ఉంది.

"ఓబులేసూ, పొద్దున చంటిబిడ్డను ఎత్తుకొచ్చి నీ దగ్గర గోడు చెప్పుకుని లేచి వెళ్లినామె ఊరి దోవన పోయిందా, చెరువు దోవన పోయిందా, చూసినావా?"