రాజుగారి పాగా, దళవాయి పాగా

గుమ్మగిరి రాజుగారికి ఒకనాడు ఓ సరదా పుట్టింది. కొలువులో ఎవరి పాగా అయినా తన పాగా కన్నా ఎత్తుగా ఉంటే, ఆ మనిషి ఊరు విడిచిపోవాలని చాటింపు వేయించారు.

ఎత్తుగా ఉండకూడదన్నారు గానీ, ఎంత తక్కువ ఉండాలో చెప్పలేదు. సేనలకు పెద్ద అయిన దళవాయి పాపానాయుడికి ఆ సందు చాలు. యుద్ధం మొహం చూసి ఎన్నేళ్ళయిందో గానీ, పాగా దగ్గర వెనక్కి తగ్గే మనిషి కాదు. రాజుగారి పాగాకు వెంట్రుకవాసి తక్కువగా చుట్టుకొచ్చాడు.

రాజుగారికి ఒళ్ళు మండింది. చాటింపు మారిస్తే అసూయ అనుకుంటారు. అందుకని మర్నాడు తన పాగా పెంచారు. దళవాయీ పెంచాడు. అలా పెంచగా పెంచగా రాజుగారి మెడ పట్టేసింది.

పాగా చుట్టే ఓబులుని పిలిచారు.

"ఒరే ఓబులూ, ఇంకో చుట్టు చుట్టావంటే మెడ విరుగుతుంది. చుట్టకపోతే పరువు పోతుంది. రేపు దళవాయి పొగరు అణగకపోతే నీ కొలువు ఊడినట్టే."

ఓబులుకి ఇంటి నిండా పిల్లలు, చేతిలో ఉన్నది ఈ ఒక్క పని. రాజుగారి మెడ చూస్తే జాలి కూడా వేసింది. కాసేపు ఆలోచించి, "రేపు నేనెలా చుట్టినా దొరవారు కాదనకూడదు" అని మాట తీసుకున్నాడు.

మర్నాడు దళవాయి ఇంకాస్త పెంచిన పాగాతో వచ్చి మీసం దువ్వుకుంటూ కూర్చున్నాడు.

"ఏరా ఓబులూ, దొరవారింకా రాలేదు. గుడ్డ చాల్లేదా?"

"మిగిలిపోయిందండి" అన్నాడు ఓబులు.

ఇంతలో రాజుగారు వచ్చారు. నెత్తిన ఒకే ఒక్క చుట్టు, చేతిరుమాలంత గుడ్డ. దళవాయి నవ్వబోయి, చాటింపు గుర్తొచ్చి ఆగిపోయాడు. ఓబులు వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"ఎక్కువ అనిపించుకోడానికి దొరవారే పెరగాలా నాయుడుగారూ, తమరు తగ్గినా సరిపోతుంది. విప్పుతారా, ఊరు విడుస్తారా?"

కొలువంతా గబగబా పాగాలు విప్పడం మొదలుపెట్టింది. దళవాయిది విప్పుతుంటే ఒక పట్టాన తెమల్లేదు. లోపల్నుంచి ముందు ఒక దిండు పడింది, తర్వాత బోర్లించిన వెదురుబుట్ట.

రాజుగారు తల వెనక్కి వాల్చి పగలబడి నవ్వారు. ఆ నవ్వులో పట్టేసిన మెడ కాస్తా సర్దుకుంది.

"ఓబులూ, ఈ విప్పిన గుడ్డంతా నీదే. నీ పిల్లలకు చొక్కాలు కుట్టించుకో" అన్నారు. "దళవాయిగారి పాగాతో మొదలుపెట్టు, మిగతావి అవసరం పడకపోవచ్చు."