సుంకులమ్మ ముసురు అర

ఎలుకకేం సంసారం, దానికేం సామాను అని నవ్వేవాళ్లుంటే పక్కకు పోయి నవ్వుకోండి. సుంకులమ్మ ఎలుకే. అయినా నేను 'ఆమె' అనే అంటాను. ఆమె ఇంట్లో ఉన్న పొందిక చాలామంది మనుషుల ఇళ్లల్లో నేను చూడలేదు.

గుట్ట కింద లచ్చుమక్క అనే రైతు ఇల్లు. ఇంటి వెనక పశువుల కొట్టం. కొట్టానికి ఒక పక్క రాళ్లు పేర్చిన గోడ. ఆ గోడ సందుల్లో సుంకులమ్మ కాపురం. గోడకు ఇవతల గాటికి కట్టేసిన ముసలి ఎద్దు పుల్లన్న. గోడ చివర గడ్డివాము కింద పెద్ద బొరియలో పందికొక్కు ఓబులేసు, వాడి కూతురు గంగి. పెళ్లాం పోయాక వాడికి లోకంలో మిగిలింది ఆ పిల్లే. యాడికి పోయినా వెంటేసుకుని తిరుగుతాడు. వీణ్ణి మాత్రం నేను 'వాడు' అనే అంటాను. ఎందుకో మీకే తెలుస్తుంది.

పోయినేడు వానాకాలంలో సుంకులమ్మ ఇంట్లో ఇద్దరు పిల్లలు పోయారు. ఆకలికి కాదు. ఇంట్లో తిండి ఉంది. దొరికింది దొరికినట్టు తడివీ పచ్చివీ అన్నీ ఒకే బొక్కలో కుక్కింది. ముసురు పట్టి బయటికి దారి లేకుండా పోయింది. లోపలున్నదంతా బూజు పట్టింది. చేదుగా ఉందమ్మా అని పిల్లలు ఏడిస్తే, "నోరు మూసుకుని తినండి, ఇంకేం ల్యా" అని తనే కసిరి తినిపించింది. రెండో పిల్ల పోయిన పొద్దున కూడా ఆ గింజలు అక్కడే ఉన్నాయి. కడుపుకోత అంటే ఏమిటో ఆమెకు ఒకరు చెప్పనక్కర్లేదు.

వానలు వెలిశాక, మిగిలిన ఇద్దరు పిల్లల్ని గూట్లో పడుకోబెట్టి పుల్లన్న దగ్గరికి వచ్చింది.

"మామా, ఇన్నేండ్లుగా నిన్ను ఆ ఇంటి పెరటి వాకిలికి ఎదురుగానే కట్టేస్తున్నారు. లచ్చుమక్క ఇంట్లో గింజ ఎందుకు చెడదో చెప్పు."

పుల్లన్న ఏ మాటైనా నెమరేసి గానీ బయట పెట్టడు. కాసేపు దవడ ఆడించి అన్నాడు. "అదేమన్నా మంత్రమా మే? ఎండబెడ్తుంది. ఎండిందో లేదో కంటితో చూసి చెప్పదు, పంటికింద ఒక గింజ వేసుకుంటుంది. టక్కుమని విరిగితే కుండలోకి. మెత్తగా నలిగితే మళ్లీ ఎండకే."

"ఆ మీదట?"

"పప్పుగింజలైతే పొయ్యిలో బూడిద కలుపుతుంది. కుండ అడుగున వేపాకు. అన్నీ ఒకే కుండలో పోయదు. చిన్న చిన్న కుండలు దొంతులు పేరుస్తుంది. ఒకటి చెడినా పక్కది బతుకుతుంది గదా. కొత్తది వెనక్కి పెట్టి, పాతది ముందుకు జరుపుతుంది."

"మామా, అంత సంపాదన యాడిది నాకు?"

"ఆమెకు మాత్రం యాడిది? కరువు సంవత్సరాల్లో కూడా చూసినా. వండే ముందు ఎసట్లో పోసే గింజల్లోంచి పిడికెడు తీసి పక్కన పెడ్తుంది. వండినాక తీద్దామంటే ఏం మిగలదు." పుల్లన్న తోక విసిరి, ఇంకో మాట కలిపాడు. "ఇంకొకటి. ఎవరైనా మూట తెచ్చి దింపితే పైనున్నవి చూడదు. మోచేతి దాకా చెయ్యి పెట్టి అడుగునున్నవి తీస్తుంది. తీసి, తెచ్చినోళ్ల చేతికే ముందు నాలుగు గింజలిచ్చి నోట్లో వేసుకోమంటుంది. మొగమాటం పడదు."

సుంకులమ్మ ఆ రోజే మొదలుపెట్టింది. గోడలో ఖాళీ సందులు వెతికి అరలు చేసుకుంది. ఖర్చేముంది, పగిలిన కుండ పెంకులే తలుపులు, రాలిన వేపాకు, కుప్పలో పారబోసిన బూడిద. కింది అరలో నూకలు పెట్టింది, అవి తొందరగా పురుగు పడతాయి కాబట్టి ముందు తినేయాలి. దాని వెనక జొన్నలు, కొర్రలు. పై అరలో బూడిద కలిపిన కందులు, ఉలవలు. అన్నిటికన్నా లోపల, గాలికీ తడికీ అందని చోట, ఇంకొన్ని జొన్నలకు ఒక అర. దానికి 'ముసురు అర' అని పేరు పెట్టింది. వాన పట్టి బయటికి పోలేని రోజుల్లో తప్ప దాని పెంకు తీయకూడదు. అది ఆ ఇంటి కట్టుబాటు.

ఏ గింజ తెచ్చినా బండమీద ఎండబెట్టి, కొరికి చూసి, ఆ మీదట లోపల పెట్టేది. దొరికిన కాడికి ముందుగా పిడికెడు అరలోకి, మిగిలిందే పిల్లల ముందుకు. కొన్ని రోజులు ఆ మిగిలింది ఏమంత ఉండేది కాదు.

"అమ్మా, ఇంకా ఆకలైతాంది" అనేది చిన్నది.

"అవుతుంది తల్లీ. ఇది ముసురుకు."

"ముసురు ఎప్పుడొస్తుంది?"

"వచ్చినప్పుడు నువ్వుండాలని దాస్తున్నా" అని పక్కకు తిరిగి కళ్లు తుడుచుకునేది. ఆ పిడికెడు గింజలు తీయడం ఎంత కష్టమో తీసిన చేతికే తెలుసు.

ఓబులేసు పద్ధతి వేరు. వాడికి అంతా ఆర్భాటమే. శెనక్కాయ పెరికే రోజుల్లో చేనిమీద పడి, పచ్చికాయలు మట్టితో సహా ఈడ్చుకొచ్చి బొరియ నిండా దిగ్గొట్టాడు. వాడి బొరియ ముందు నిలబడితే కాయల వాసన గుప్పుమనేది.

బండమీద గింజలు తిప్పుతున్న సుంకులమ్మను చూసి పళ్లికిలించాడు. "ఏం సుంకులక్కా, గింజ గింజకూ పేరు పెడ్తున్నావా? నువ్వు ఏడాదంతా దాచింది నేను ఒక పూటలో తెచ్చినా!"

"తెచ్చినావులే. ఎండబెట్టినావా?"

"ఎండబెట్టేదానికి నాకేం పనిలేదా? బొరియ నిండింది, అంతే సాలు."

"నిండింది సరే, అడుగున ఎట్లుందో చూసుకో తమ్ముడా" అంది సుంకులమ్మ. ఆమె ఎగతాళి చేయలేదు. ఆ మాట అంటున్నప్పుడు ఆమె కళ్లముందు పోయినేటి పిల్లలే ఉన్నారు. ఆ బాధ ఓబులేసు చెవికి ఎక్కలేదు, నవ్వుకుంటూ పోయాడు.

ముసురు పట్టింది. పట్టిందంటే అట్లా ఇట్లా కాదు. గుట్ట కనపడటం మానేసింది. కొట్టం ముందు మోకాటిలోతు బురద. లచ్చుమక్క కూడా గడప దాటడం లేదు, పుల్లన్నకు కిటికీలోంచే మేత విసురుతోంది.

సుంకులమ్మ ముందర నూకలు ఖర్చు చేసింది. నూకలయ్యాక జొన్నలు, కొర్రలు, ఆ మీదట కందులు, ఉలవలు. పూటకింత అని కొలిచి పెట్టేది. పిల్లలు అరిచి పడుకునేవాళ్లు గానీ, పడుకుని లేచేవాళ్లు. ఆమెకు కావలసింది అదే. అవీ అయ్యాక ముసురు అర పెంకు తీసింది. గింజలు ఎట్లా పెట్టినవి అట్లానే ఉన్నాయి. ఒకటి కొరికితే టక్కుమంది. ఆ చప్పుడు విని ఆమె గోడకు ఆనుకుని బోరున ఏడ్చేసింది.

అయితే అర చిన్నది. వాన పెద్దది. ఎన్నాళ్లకు వెలుస్తుందో ఎవరికీ తెలియదు.

అట్లాంటి ఒక మధ్యాహ్నం ఓబులేసు వచ్చాడు. గోనెసంచి పేలిక నిండా శెనక్కాయలు ఈడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో దించాడు. వెనకాల గంగి. పిల్ల కళ్లు లోపలికి పోయాయి.

"సుంకులక్కా, పిల్లోళ్లు బాగుండారా? పాపం ఎన్నాళ్లని వట్టి జొన్నలు తింటారు? చూడు, ఎట్లాంటి కాయలో! నూనె కారిపోతాంది. ఈ మూటంతా నువ్వే పెట్టుకో. నీ లోపలి అరలో ఉండేవి నాకియ్యి. నీకే లాభం."

సుంకులమ్మ మూట వంక చూసింది. పైనున్న కాయలు నిజంగానే ఎండినవి, తుడిచి పెట్టినవి. పిల్లలు అప్పటికే మూట చుట్టూ మూగారు. చిన్నది అమ్మ తోక పట్టుకుని గుంజింది. "అమ్మా, శెనక్కాయలే! ఒక్కటి!"

చెప్పొద్దూ, ఆమెకూ మనసు లాగింది. చిక్కిపోయిన పిల్లలకు నూనెగింజ దొరికితే రెండు రోజుల్లో కోలుకుంటారు. మూట పెద్దది, అర చిన్నది. ఎవరు చూసినా తీసుకోమనే అంటారు.

"ఇంత మంచి కాయలు పెట్టుకుని నా జొన్నలెందుకు తమ్ముడా నీకు?"

"తిని తిని మొగం మొత్తినాయిలే అక్కా" అన్నాడు వాడు చూపు పక్కకు తిప్పి.

మొగం మొత్తిన ఇంట్లో పిల్ల కళ్లు అట్లా లోపలికి పోతాయా? సుంకులమ్మ ఇంకేం అడగలేదు. వంగి, మూటలో మోచేతి దాకా చెయ్యి పెట్టింది.

"అదేందక్కా, పైనున్నయి చూడొచ్చు గదా!" ఓబులేసు గొంతు మారింది.

"మా ఇంట్లో ఇట్లే చూస్తాం." గుప్పెడు కాయలు బయటికి తీసింది. తొక్క బాగానే ఉంది. ఒలిచి, గింజలు ఓబులేసు ముందు పెట్టింది. "తెచ్చినోళ్లు ముందు తినాల. అది కట్టుబాటు. కూచో."

"అయ్యో, నాకీ పొద్దు ఒక్కపొద్దు గదక్కా. శనివారం. పొద్దుగూకే దాకా పచ్చి నీళ్లు కూడా ముట్టను."

గోడకు అవతల పుల్లన్న ముక్కుతో గట్టిగా గాలి వదిలాడు. వాడు ఒక్కపొద్దుండటం ఆయన పుట్టినకాడినుంచి చూడలేదు.

"మంచిది. భక్తి ఉండాల" అంది సుంకులమ్మ. "నీకు ఒక్కపొద్దు సరే. పిల్లకేం ఒక్కపొద్దు? రా గంగీ, రామ్మా. మా వాళ్ల పక్కన కూచో."

గంగి పరుగున వచ్చి కూర్చుంది. సుంకులమ్మ తన పిల్లలిద్దర్నీ దాని పక్కనే వరసలో కూర్చోబెట్టింది. ముగ్గురి ముందూ మూట అడుగునుంచి తీసిన గింజలు పెట్టింది. గంగి గింజ మీద ఆమె ఒక చెయ్యి, తన పిల్లల గింజల మీద ఇంకో చెయ్యి ఇంకా అలాగే ఉన్నాయి. కళ్లు మాత్రం ఓబులేసు మీద ఉన్నాయి.

"తినండి" అంది.

"అక్కా, దానికి కడుపు బాగలేదు..."

"ల్యా నాయనా, నాకు ఆకలైతాంది" అంది గంగి. "పొద్దున్నించీ నువ్వేం పెట్టల్యా." అంటూ గింజకు చెయ్యి చాచింది.

"తినొద్దు మే! చస్తావు!"

ఓబులేసు ఎగిరి వచ్చి కూతురి చెయ్యి మీద కొట్టాడు. ఆ ఊపుకు సుంకులమ్మ చేతికింది గింజ జారి, ఎగిరి గోడకు తగిలి రెండు బద్దలైంది. లోపలంతా నల్లగా, పచ్చటి బూజు.

 బయట వాన పడుతోంది. గంగి చెయ్యి పట్టుకుని వెక్కుతోంది.

ఓబులేసుకు తల ఎత్తే మొగం లేదు. అయినా వాడి నోరు ఊరుకుంటుందా? "పిల్లను ముందు పెట్టి ఆటాడ్తావా? నేను అరవకుంటే నా బిడ్డ తినేది గదే!"

"తినేది కాదు. దాని గింజ మీద నా చెయ్యి ఉంది. నువ్వు నోరు తెరవకుంటే నేనే లాక్కునేదాన్ని." సుంకులమ్మ తన పిల్లలిద్దర్నీ దగ్గరికి లాక్కుంది. "నా బిడ్డల గింజల మీద నీ చెయ్యి యాడుంది ఓబులేసూ? వాళ్లు తినబోతాంటే నువ్వు చూస్తా నిలబడినావు. వాళ్లు నాకు పుట్టిన బిడ్డలు కారా? ఇద్దర్ని ఇట్లాంటి గింజలకే పోగొట్టుకుని కూచున్నా. అది నీకు తెలుసు. తెలిసే తెచ్చినావు."

వాడు ఆ మాటకు కూలబడిపోయాడు. "బొరియలో మంచి గింజ ఒక్కటి మిగల్లేదక్కా. పైన పెట్టినయి తప్ప అంతా పోయింది. పిల్లకు పెట్టేదానికి ఏం ల్యా. యాడికి పోయేది నేను?"

"ఆ మాట గుమ్మంలో నిలబడి చెప్పుంటే సరిపోయేది. పిల్ల ఆకలితో ఉందక్కా, పిడికెడు పెట్టు అనుంటే నేను ల్యా అనేదాన్నా?"

లోపలికి పోయింది. ముసురు అర పెంకు తీసి పూటకు సరిపడా జొన్నలు తెచ్చింది. ఆ రోజు ఇద్దరికి కావలసినవాటిని ముగ్గురికి సర్ది పెట్టింది. తన వంతు తీసుకోలేదు. గంగి ఒక గింజ పంటికింద వేసుకుంటే టక్కుమంది. ఆ పిల్ల ఏడుపు ఆపి నమిలింది.

"వాన వెలిసే దాకా పిల్ల ఇక్కడే తింటుంది" అంది సుంకులమ్మ. "నువ్వు ఆ మూట తీస్కపోయి పెంటగుంటలో పూడ్చు. నీ బొరియలో ఉండేదంతా పూడ్చు. ఇంకొకరి పిల్ల నోట పడకుండా లోతుగా పూడ్చు."

ఓబులేసు మూట ఎత్తుకున్నాడు. గుమ్మం దాకా పోయి వెనక్కి తిరిగి చూశాడు. జొన్నల వాసన వాడి ముక్కుకూ తగిలింది. కడుపు అరిచిన చప్పుడు గోడ అవతల పుల్లన్నకు కూడా వినపడింది.

"అక్కా... నాకూ రెండు గింజలు..."

"రేపు రా, పెడ్తా" అంది సుంకులమ్మ పెంకు మూస్తూ. "ఈ పొద్దు ఒక్కపొద్దన్నావు గదా. ఉండు."

వాడు మూట మోసుకుంటూ వానలోకి దిగాడు. లోపల వాడి కూతురు తింటూనే ఉంది.

నీ బిడ్డ నోట్లో పెట్టలేని గింజను ఇంకొకరి ఇంటి అరలో పెట్టొద్దు.