నీలివేరు మడికి నీళ్ళెవరు పోస్తారు?

అనగా అనగా, మూడు కొండల నడుమ ఒక అడవి. ఆ అడవిలో వాగొడ్డున ఒక మందుల తోట. ఏ వేరు ఏ జబ్బును తగ్గిస్తుందో అక్కడి జంతువులు పరిశోధించేవి. ఏనుగు రాజు నెలనెలా ఆరు బుట్టల ఇప్పపూలు పంపేవాడు. తోటలో అందరికీ అదే తిండి.

ఆ తోటలో ములుకి అనే ముళ్ళపంది ఉండేది. ఏటా వానల్లో చలిజ్వరం వచ్చి జింకపిల్లలు పిట్టల్లా రాలిపోయేవి. దానికి మందు నీలివేరు. మూడేళ్ళు ముదిరితేనే అందులో మందు ఊరుతుంది. ములుకి నాటిన మడి ఇంకొక్క ఎండాకాలం దాటితే చాలు!

అప్పుడే కాకి వార్త తెచ్చింది. "రాజుగారు కొత్త తోరణం కట్టిస్తున్నారు. వచ్చే నెల నుంచి మీకు రెండు బుట్టలే!"

ములుకి ముళ్ళన్నీ నిక్కబొడుచుకున్నాయి. "తోరణం నూరి తాగితే జ్వరం తగ్గుతుందా? విజ్ఞానం భిక్ష కాదు, హక్కు!"

"మొదలెట్టిందమ్మా నినాదాలు!" అని నక్క జంబయ్య నవ్వాడు. "అరిస్తే బుట్ట నిండదే పిల్లా."

ఆ మాట ములుకికి చురుక్కున తగిలింది. నిజమే. కోపం ఉంది. మరి పథకమేదీ?

తోట పెద్ద కూర్మయ్య తాబేలు సభ పెట్టాడు.

నెమలి పింఛయ్య లేచాడు. "నేను వెళ్ళి నాట్యమాడతాను. రాజుగారు కరిగిపోతారు."

"ఆయన కరిగేలోపు మడి ఎండిపోతుంది మామా!" అంది ములుకి.

జంబయ్య లేచాడు. "నీలివేరు పీకేసి పుదీనా వేద్దాం. నెలకో ఫలితం చూపించొచ్చు."

"పుదీనాతో పచ్చడవుతుంది బాబాయ్, మందవదు!"

కూర్మయ్య నిట్టూర్చాడు. "ఎప్పటిలాగే నీళ్ళు మోసే కుందేళ్ళను పంపేద్దాం."

ఆ తోటలో అదే ఆచారం. తిండి తగ్గితే కోత ఎప్పుడూ కిందినుంచే. నాలుగేళ్ళ కిందట కూడా కుందేళ్ళనే పంపేశారు. నీళ్ళు లేక తొలి నీలివేరు మడి మాడిపోయింది. పెద్దల వాటాలో మాత్రం ఒక్క పువ్వు తగ్గలేదు.

కుందేళ్ళ పెద్ద చెవులక్క అప్పుడే మూట కట్టుకుంటోంది. "మాకు అలవాటే లేమ్మా."

ములుకి సభ మధ్యకు దూకింది.

"సభలో కూర్చునే మనం రోజుకు నాలుగు దోసిళ్ళు తింటున్నాం. కుందేళ్ళకు ఒక్కటే! ముందు నా మూడు దోసిళ్ళు కోయండి. తర్వాత మీవి. పింఛయ్య మామ కోసం కడుతున్న నాట్యమండపం పని ఆపేద్దాం. ఈ ఏడు కొత్త మొక్కలు వద్దు. మడికి నీళ్ళు మాత్రం ఒక్క పూట కూడా ఆగకూడదు. ఆ రెండు బుట్టలూ రాకపోతే ఏం చేస్తాం? అందుకే రేపే జింకల దగ్గరికి వెళ్దాం. మందు వాళ్ళ పిల్లలకే కదా!"

"జింకల దగ్గర అడుక్కోవాలా?" అన్నాడు కూర్మయ్య.

"రాజు దగ్గర చేయి చాచినప్పుడు రాని సిగ్గు, జనం దగ్గర ఎందుకు తాతా?"

కూర్మయ్య తల డిప్పలోకి లాక్కున్నాడు. చివరికి మెల్లగా తల చాపాడు.

"చెవులక్కా, మూట దించు. నా వాటా కూడా కోయండి."

ఇక చూడాలి సందడి! జింకలు దుంపలు తెచ్చాయి. కోతులు పళ్ళు తెచ్చాయి. జంబయ్య గొణుగుతూనే కాలువ తవ్వాడు. ఎండాకాలం మధ్యలో ఆ రెండు బుట్టలూ ఆగిపోయాయి. తోట ఆగలేదు!

వానలొచ్చాయి. జ్వరం వచ్చింది. చుక్క అనే జింకపిల్ల కళ్ళు తెరవడం మానేసింది. ములుకి తొలి వేరు తవ్వి, నూరి, పసరు నోట్లో పోసింది. ఒక రోజు గడిచింది. కదలిక లేదు. రెండో రోజూ లేదు. మూడో రోజు పొద్దున చెవి కదిలింది. కాళ్ళు కదిలాయి. చుక్క లేచి నిలబడింది!

"అమ్మా, ఆకలి!"

తల్లి జింక ఏడుస్తూ నవ్వింది. ములుకి అప్పటికే మడివైపు పరుగెత్తుతోంది.

"చెవులక్కా! ఇంకా నలభై మంది పిల్లలున్నారు. పదండి, తవ్వుదాం!"

నీతి: కోత రాకముందే కూర్చుని ఆలోచించుకోవాలి. తప్పనిసరైతే దాన్ని పైనుంచి మొదలుపెట్టాలి, పనిని బతికించే చేతుల నుంచి కాదు.